వియ్యంకుడి కంచంలో పెరుగు

ఆదివారం మధ్యాహ్నం, ప్రగతి నగర్. ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, ఆమె మామగారు.

నిన్న మదీనాగూడ దుకాణంలో లాక్టోజ్ లేని పాల డబ్బాలు వరుసగా పేర్చి ఉండటం చూసి, ఇంటికొచ్చి కొన్నేళ్ల కిందటి డైరీ తీస్తే పై రెండు వాక్యాలతో మొదలయ్యే పుట కనబడింది. అప్పటికి మా అమ్మాయి హైటెక్ సిటీలో ఒక ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిగా కొత్తగా చేరింది. పుప్పాలగూడలో పుట్టి పెరిగిన మా వియ్యంకుడు మంచి మనిషే గాని, కోడలి ఉద్యోగమంటే ఆయనకు వేళాకోళం. "తినుడు గూడ సదువేనా?" అనేవాడు.

ఆ రోజు మా ఆవిడ పెరుగు వడ్డించబోతే ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర తనకు అరగదని డాక్టరు పరీక్ష చేసి చెప్పారట. అప్పటినుంచి పెరుగు ముట్టకపోయినా కడుపుబ్బరం తగ్గలేదట. పెరుగు లేనిదే తిన్నట్టుండదని, పెళ్లిళ్లకు పోవడమే మానేశానని చెప్పాడు.

అమ్మాయి వెంటనే సలహా ఇవ్వలేదు. పొద్దున లేచింది మొదలు ఏమేం తింటారో, తాగుతారో అడిగింది. పెరుగు మానిన మనిషి చిక్కటి పాలతో కాచిన చాయ్ మాత్రం పూటపూటా పుచ్చుకుంటున్నాడని అప్పుడు తేలింది.

"మరి చాయ్‌లో పాలుంటాయి కదా, మామయ్యగారూ?"

"చాయ్ పాలెట్లయితది బిడ్డా? చాయ్ చాయే!"

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మాయి నవ్వలేదు. ఇది పాల ఎలర్జీ కాదని, ఎంతవరకు పడుతుందన్నది మనిషి మనిషికీ తేడా అని, తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది గనక పాలు పడని చాలామందికి కాస్త పెరుగు పడుతుందని, పాల చాయ్ ఆపి అన్నంలో కొద్దిగా పెరుగు కలుపుకొని చూడమని, ఎముకల బలానికి రాగులు, నువ్వులు మరవవద్దని ఓపికగా చెప్పింది.

"పడకుంటే రేపటిసంది నీ మాట ఇనను, సూడు!" అన్నాడాయన. పడకపోతే మానేద్దామంది. అత్తవారింట ఆమె మాట నిలిచేదీ లేనిదీ ఆ నాలుగు ముద్దల మీద ఉందని నాకు అర్థమై, నా భోజనం సాగలేదు. ఆమె మాత్రం పెరుగు చెంచాతో కొలిచినట్టు వడ్డించింది. ఇలా పక్కన కూర్చుని, అలవాట్లు అడిగి, వడ్డించి చెప్పే తీరిక ఇప్పుడెవరికుంది? ఏదో వీడియో చూసి పాలూ పెరుగూ ఒక్కసారే మానేసే పిల్లలు మా అపార్టుమెంటులోనే ఎందరో.

మర్నాడు ఉదయం వియ్యంకుడు ఫోను చేశాడు. "బావా, కడుపు సల్లగున్నది. కోడలు దవాఖానల ఏ అంతస్తుల కూసుంటదో జర చెప్పు. మా దోస్తులను తోల్కపోవాలె."