పక్క మంచం మనిషి

"మా స్వప్నతోని తిరిగే గా పోరడెవడో కనిపెట్టు చాలు చెల్లె, మిగతాది నేను చూసుకుంట" అన్నాడు. "సరే అన్నా" అని ఫోన్ పెట్టేశాను. ఆయన అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్ స్వప్నకి అన్న.

మా బస్సు పంజాగుట్ట సిగ్నల్లో ఇరుక్కుంది. పక్క సీటు పెద్దాయన ఒళ్లో లావుపాటి పుస్తకం ఉంది. సోవియట్ గూఢచారి శాఖ ఫైళ్ల మీద పరిశోధన చేస్తారట.

"అయితే మస్తుమంది స్పైలు తెలుసుంటరు సార్ మీకు" అన్నాను.

"ఎక్కువమంది పక్కింటివాళ్లేనమ్మా" అంటూ ఒక ఫొటో చూపించారు. నా ఈడు పిల్ల. "ఎవరొచ్చారు, ఎవరితో నవ్వింది, అంతే రాసిచ్చింది ఈమె రూమ్మేటు."

"తర్వాత ఏమైంది సార్ ఈమెకి?"

ఆయన ఫొటోని అరచేత్తో కప్పేశారు.

తెల్లారి స్వప్న వాళ్లన్న మళ్లీ ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. స్వప్నని లేపి, మోగుతున్న ఫోన్ చూపించాను. "నీ మీద కన్నేసి ఉంచమన్నడే మీ అన్న. జర పైలం" అన్నాను.