నాలుగో నెలలో మాన్పించిన పాలు

పాపకు మూడు నెలలు నిండగానే నేను ఉద్యోగంలో చేరాను. గనుల నుంచి ఖనిజం లారీలు తెరిపి లేకుండా నడిచే రోజులవి. బళ్లారి బయట ఒక కంపెనీ ఆఫీసులో లారీలకు పర్మిట్లు రాసేదాన్ని. మా అత్త రోజూ మధ్యాహ్నం పాపను కొంగులో చుట్టుకుని మా ఊరు మోక నుంచి బస్సులో వచ్చేది. వెనక గదిలో పాలిచ్చి పంపేదాన్ని.

ఒకరోజు ఆఫీసులో ఇద్దరు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. ఆ సాయంత్రమే అత్తతో చెప్పాను.

"రేపట్నుంచి రావద్దత్తా. డబ్బాపాలు పోద్దాం. అందరూ చూస్తాండారు."

"చూస్తే ఏమమ్మా? బిడ్డకు పాలిచ్చేది తప్పా? బస్సులో తిరిగేకి నాకేం కష్టం ల్యా."

"నాకు నామోషీగా ఉండాది."

మర్నాడు ఆమెకు డబ్బా తెచ్చిచ్చాను. డబ్బా మీద రాసింది నాతో చదివించుకుని, ఎన్ని చెంచాలు కలపాలో గుర్తుపెట్టుకుంది. వారం రోజులు ఆఫీసులో నా రవిక తడుస్తూనే ఉండేది. పైట కప్పుకుని పర్మిట్లు రాశాను.

ఆరేళ్లప్పుడు పాప చెంబులకు చెంబులు నీళ్లు తాగసాగింది. పక్క తడిపేది. నీళ్లు ఎక్కువ తాగుతున్నందుకేనని చెంబు లాక్కున్నాను. ఒకసారి కొట్టాను కూడా. ఆ వారమే బడిలో పడిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్షించి షుగరన్నారు. జీవితాంతం ఇన్సులిన్ సూదులు తప్పవన్నారు.

"బిడ్డ బతుకుతాదా అప్పా?" అని అత్త డాక్టరును అడిగింది.

"సూది తప్పకుండా వేస్తే బాగుంటాదమ్మా."

"నేను పాలు మాన్పించినందుకేనా సార్?" అన్నాను.

"అది చెప్పేకి ఎవరికీ చేతకాదు. తల్లిపాలు తాగినోళ్లకూ వస్తాది. మీ మీద వేసుకోవద్దు."

పాల సంగతి ఆయన తేల్చలేకపోయాడు. దాహమని ఏడ్చిన పిల్లను కొట్టింది మాత్రం నేనే. అది ఎవరినీ అడగక్కర్లేదు.

పాపకు సూది వెయ్యడానికి నాకు మనసొచ్చేది కాదు. అత్త నర్సు దగ్గర కూర్చుని సిరంజి మీద గీతలు లెక్కపెట్టడం నేర్చుకుంది. "నేనేస్తాలే. నువ్వు బిడ్డను పట్టుకో," అనేది. డబ్బాపాల మాట ఆమె ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే ఆమె ముందు ఏడ్చేదాన్నేమో. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు పక్కన కూర్చుని, వంట సంగతులు మాట్లాడి లేచిపోయాను. పాప తన సూది తానే వేసుకోవడం నేర్చిన ఏడాది అత్త పోయింది.