నవ్వే చోట ఊపిరి

మా బావకి రేడియో అని పేరు పెట్టింది కటింగ్ షాపుకొచ్చే జనమే. తలుపు తీసింది మొదలు మూసేదాకా ఆ నోటికి విరామం ఉండదు. పక్క కుర్చీ వాళ్ళన్నయ్యది. ఆయన అవసరమైతే తప్ప పెదవి విప్పేవాడు కాదు. కబుర్లు కావాల్సినవాళ్ళు బావ దగ్గర, కునుకు తీయాలనుకునేవాళ్ళు అన్నయ్య దగ్గర కూర్చునేవారు. పోయినేడాది ఒక పొద్దున ఆ అన్నయ్య కత్తెర చేతిలో ఉండగానే కూలబడి, మరి లేవలేదు. అప్పటికి యాభై దాటి ఎంతో కాలం కాలేదు. వాళ్ళ నాన్న కూడా దాదాపు ఆ వయసులోనే, గుండెతోనే పోయాడు.

బావ ఆ కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పి, వచ్చే చలికాలం మారథాన్ పరిగెత్తుతానని ప్రకటించాడు. తనకి నలభై తొమ్మిది. యాభై అనే గీతని పరుగు మీద దాటేస్తే గుండె ఇక తన జోలికి రాదని ఆయన లెక్క. ఇలాంటి లెక్కలు మా బావకే చేతనవుతాయి.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, మెల్లగా అయితే సరేనన్నాడు. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగమట, మాట రాకపోతే ఎక్కువైనట్టట. అక్క ఆ మాట పట్టుకుని ఈ వ్యవహారాన్ని నా మెడకి చుట్టింది.

"నువ్వు పక్కనే ఉండరా. ఆయన మాట ఆగిందంటే చెయ్యి పట్టుకుని ఆపెయ్. ఈ ఇంట్లో ఇంకొకళ్ళని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి. రోజంతా స్టూలు మీద కూర్చుని పొట్ట పెంచినవాణ్ణి. ఈ వయసులో నాకీ పరుగేమిటని తిట్టుకుంటూనే బూట్లు కొన్నాను.

తెల్లారేసరికి కాలవ పక్క సిమెంటు దారి మీద ఉండేవాళ్ళం. బావ మొదటి అడుగుతోనే అందుకునేవాడు. ఇంటర్వ్యూకి వెళ్ళే తొందరలో సగం మీసంతో కుర్చీలోంచి లేచి పరిగెత్తినవాడి కథ, విగ్గుకి కటింగ్ చేయమని పేచీ పెట్టినాయన కథ. నాకు ఆయాసంతో నోట మాట వచ్చేది కాదు, ఆయన మాత్రం గడగడా చెప్పుకుపోయేవాడు. రానురాను వేగం పెరిగింది. నేను ఇంటికెళ్ళి, "మాట ఆగలేదక్కా," అని అప్పజెప్పేవాణ్ణి. అక్క ఊపిరి పీల్చుకునేది.

ఒక ఆదివారం విగ్గు కథ నడుస్తోంది. "అప్పుడాయన విగ్గు తీసి నా చేతిలో పెట్టి, వెనకాల కొంచెం తగ్గించు అన్నాడు," అని బావ ఆగాడు. మళ్ళీ అదే వాక్యం చెప్పాడు. కాస్త ఆగి మళ్ళీ అదే. తిరిగి చూస్తే మొహం పాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట. బెంచీ మీద కూర్చోబెట్టాను. అక్కకి ఏం చెప్పాలన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

అప్పుడు తట్టింది. షాపులో జనం ఎక్కడ నవ్వుతారో అక్కడ ఆయన ఆగుతాడు. ఇన్నాళ్ళూ ఆ నవ్వుల కోసం వదిలిన సందుల్లోనే ఊపిరి తీసుకుంటున్నాడు. నోరు అలవాటు మీద నడుస్తుంటే నేను దాన్ని నమ్ముకుని ఊరుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"చావాలని ఉంటే షాపులోనే చావు బావా. ఇక్కడిదాకా నన్నెందుకు ఈడ్చుకొస్తావ్?"

బావ జవాబు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదలు.

డాక్టరు మళ్ళీ అన్నీ చూసి, గుండెకేమీ కాలేదు కానీ ఆ వేగం మానకపోతే అవుతుందని చివాట్లు పెట్టాడు. అక్క వద్దంది, అలిగింది, ఏడ్చింది. కొన్ని వారాలు ఆగి బావ మళ్ళీ బూట్లు బయటికి తీశాడు. ఈసారి నేను షరతు పెట్టాను. కథలు చెప్పకూడదు. నేను అడిగినదానికే చెప్పాలి.

"అక్కని మొదటిసారి ఎక్కడ చూశావ్?"

"బస్సులో. కాదు... టికెట్ కౌంటర్ దగ్గర. గొడుగు ఎవరిదో అని..."

రెండు ముక్కలకే కాళ్ళు నెమ్మదించాయి. ఆలోచించి చెప్పే మాటలో ముందే చేసిపెట్టిన సందులు ఉండవు కదా. చేతికర్రతో నడిచే పెద్దాయన ఒకాయన మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళి, పాపం అన్నట్టు వెనక్కి చూశాడు.

అడగాల్సిన అసలు ప్రశ్నని ఇక వాయిదా వేయడం నావల్ల కాలేదు. "మీ అన్నయ్య గురించి చెప్పు బావా," అన్నాను ఒక రోజు. ఆయన ఒక్కసారిగా వేగం పెంచి ముందుకెళ్ళిపోయాడు. నేను వెంటపడలేదు. వంతెన దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. పక్కకి వచ్చాక మెల్లగా కదిలాడు.

"ఆ రోజు ఎవరికో కథ చెబుతున్నానురా. అన్నయ్య అద్దంలో కనిపించాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయాడు."

బావ కాలవ వైపు చూస్తూ మళ్ళీ అందుకున్నాడు.

"ఇంకొక్క వాక్యం ఉంది. అది చెప్పేసి అడుగుదామనుకున్నా. చెప్పాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో అన్నయ్య పడిన చప్పుడు నాకు వినపళ్ళేదు."

ఆ వాక్యం ఏదో నేను అడగలేదు. ఆ ఆదివారం విగ్గు కథలో దాన్ని మూడుసార్లు విన్నాను.

బావ కళ్ళు తుడుచుకున్నాడు, కాళ్ళు మాత్రం ఆపలేదు. నడక కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ లెక్కన మారథాన్ పూర్తయ్యేసరికి ముగింపు గీత దగ్గర మా అక్క తప్ప ఎవరూ మిగలరు. అయినా ఊపిరి బిగబట్టకుండా, తడబడకుండా ఆయన నా పక్కన పరిగెత్తడం అదే మొదటిసారి.

"ఇంకేదైనా అడగరా," అన్నాడు.

"నీ కథల్లో మీ అన్నయ్యకి ఏది ఇష్టం?"

చాలా దూరం వెళ్ళాక జవాబొచ్చింది.

"తెలీదురా. నేనెప్పుడూ అడగలేదు."