మీటరు మీద బొట్టు

ఆనందపురం దాటాక హైవే పక్కనున్న ఆ నూనె మిల్లు మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. మా అక్క మొగుడు అక్కడ హైడ్రాలిక్ ప్రెస్సు నడిపేవాడు. వేడి చేసిన నువ్వుల పిండి మూటగట్టి నేను అందిస్తే, ఆయన పలకల మధ్య పేర్చి పంపు వేసేవాడు. నాకా పని ఇప్పించింది కూడా ఆయనే.

ప్రెస్సుకి ఒత్తిడి చూపించే మీటరు ఒకటుంది. ముల్లు ఎర్ర గీత దాటితే పంపు ఆపెయ్యాలి. దసరాకి మిషన్లన్నింటికీ పసుపు రాసి బొట్లు పెడతాం కదా, బావ ఉంగరపు వేలితో మీటరు అద్దానికి కూడా ఇంత బొట్టు పెట్టాడు. అది పోయిపోయి ఎర్ర గీత మీదే పడింది. మర్నాడు నేను తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నావ్రా? దేవుడి బొట్టది. దానంతటది రాలిపోవాల గానీ మనం సెరపకూడదు."

"గీత కనపడట్లేదు బావా."

"నాకు పంపు సప్పుడు సాల్లే."

నేను గుడ్డ జేబులో పెట్టేసుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

పిండగా మిగిలిన చెక్కలో ఇంకా నూనె ఉండిపోతోందని, ఇంకాస్త నొక్కమని మిల్లు సావుకారు రోజూ సతాయించేవాడు. ఒక పొద్దున బావ అలా నొక్కుతుంటే పంపు గొట్టం దగ్గర మిషను నూనె సన్నటి పొగలా లేచింది. ఎక్కడ కారుతోందోనని బావ గొట్టాన్ని చేత్తో తడిమాడు. ఉంగరపు వేలికి సూది గుచ్చినంత మచ్చ పడింది. రక్తం కూడా రాలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తానంటే సావుకారు కసిరాడు. "దీనికే ఆసుపత్రేటి? సబ్బెట్టి కడుక్కో. లోడు ఎల్లాల."

బావ కడుక్కుని మళ్ళీ పంపు వేశాడు. మధ్యాహ్నానికి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, గొట్టంలో నూనె ఆ ఒత్తిడికి చర్మం లోపలికి దూరిపోయిందని చెప్పాడు. పొద్దున్నే తెచ్చుంటే వేలు దక్కేదన్నాడు. వేలు తీసేశారు. పక్క వేళ్ళు రెండూ ఇక మడత పడలేదు.

సావుకారు చూడ్డానికి రాలేదు, సిగ్గులేని మనిషి. నువ్వుల నూనె డబ్బా పంపాడు. అక్క దాన్ని మురిక్కాలవలో వంపేసింది.

బావ ఇంట్లో కూర్చుంటే రెండిళ్ళకీ నా పనే ఆధారం. పళ్ళు బిగబట్టి ఏడాది చేశాను. మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి కుంకుమ గిన్నె నా చేతికిచ్చారు. అన్నింటికీ బొట్టు పెట్టి మీటరు వదిలేశాను.

"దానికీ పెట్టు. మీ బావ పెట్టీవోడు కదా," అన్నాడు సావుకారు.

"ఆ పెట్టిన ఏలు తెచ్చియ్యండి సావుకారుగారూ, దాంతోనే పెడతాను."

ఆయన గిన్నె లాక్కుని, తానే పెట్టాడు. మళ్ళీ ఎర్ర గీత మీదే. నేను అరచేత్తో అద్దాన్ని తుడిచేసి, ఆ చెయ్యి ఆయన తెల్ల చొక్కాకి గుండెల మీద రాసి, బయటికొచ్చేశాను.