నాలుగువందల పన్నెండు దాకా

మురమళ్ళలో పడవ నడిపే సత్తియ్యగారి కూతురు వీరదుర్గ. అమలాపురంలో ఓ ప్రైవేటు కాలేజీలో బ్యాటరీల మీద పీహెచ్‌డీ చేసేది. లిథియం బ్యాటరీలో కేథోడ్ అని నల్లటి పొడి ఉంటుంది. ఛార్జి ఎక్కి దిగినకొద్దీ ఆ రేణువులు పగిలి బ్యాటరీ నీరసపడిపోతుంది. రేణువు రేణువుకీ పలచగా అల్యూమినా పూత వేసి ఎక్కువకాలం నిలబెట్టాలని ఆమె పట్టుదల. కోనసీమ గాలిలో తేమ ఆ పొడికి పడదు. పూత కుదరడానికి రెండేళ్ళు పట్టింది.

కుదిరేక, గుండీల్లాంటి సెల్స్ చేసి యంత్రానికి తగిలించింది. ఐదువందలసార్లు ఛార్జి ఎక్కి దిగాలి. మూడు నెలల పని. పూత లేనివి మూడువందలకే సగం చచ్చేయి. పూత వేసినవి నాలుగువందల పన్నెండు దగ్గర కూడా నూటికి తొంభై వంతులు ఛార్జి నిలుపుకున్నాయి.

లెక్క అక్కడుండగా, ఓ పొద్దున కాలేజీకి తనిఖీవాళ్ళు వస్తున్నారని గైడు శివప్రసాద్‌గారు గది శుభ్రం చేయించేరు. వీరదుర్గ వచ్చేసరికి సెల్స్ అన్నీ తడిగుడ్డలతోపాటు ఇనప బకెట్లో ఉన్నాయి. నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ తుడిచింది. ఒక్కటీ పనిచెయ్యలేదు. మళ్ళీ మొదలెడతానంది. అన్నాళ్ళు ఆగలేనన్నారాయన.

"మిగతా ఎనభై ఎనిమిదికీ గ్రాఫులో గీత పొడిగించెయ్యమ్మా."

"పొడిగిస్తే వచ్చేది గీతేనండి, సెల్ కాదు."

మర్నాడు ఆమె దగ్గర ల్యాబు తాళం తీసేసుకున్నారు. నోటుపుస్తకాలు లోపలే ఉండిపోయేయి. నాలుగు నెలలకి ఆయన పేరుతో పరిశోధన పేపరు అచ్చయింది. అందులో ఐదువందలూ ఉన్నాయి. ఆమె పేరు లేదు.

అది చూసి ఓ కంపెనీ పొడి పంపమంది. శ్రావణం ముసురులో, సరిగా ఆరబెట్టకుండానే చేయించి పంపేరు. రెండువందలకే పోయింది. కంపెనీ నిలదీస్తే, లెక్కలన్నీ వీరదుర్గ రాసినవేనని ఆయన జవాబిచ్చేరు.

కాలేజీలో విచారణకి ముగ్గురు కూర్చున్నారు. ఏం చెప్పుకుంటావని అడిగేరు.

"నాలుగువందల పన్నెండు దాకా నావండి. ఆ తరవాతవి నావి కావు."

"అంటే లెక్కలు నువ్వు రాసినట్టేగా?"

"ఆయ్, అక్కడిదాకా."

ఒప్పుకుందని రాసుకున్నారు. 'అక్కడిదాకా' అన్న మాట కాగితం మీదకి ఎక్కలేదు. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దయింది.

బయట బెంచీ మీద ఉతికిన చొక్కాతో సత్తియ్యగారు కూర్చునున్నారు. శివప్రసాద్‌గారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి, పిల్ల తెలివైందేగాని తొందరెక్కువన్నారు. సత్తియ్యగారు లేచి రెండు చేతులూ జోడించేరు. వీరదుర్గ ఆ చేతులు పట్టుకుని కిందకి దింపింది.

ఇప్పుడామె రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే చిన్న ల్యాబులో పనిచేస్తోంది. ఆ పూత ఐదువందల దాకా నిలిచేదేనా అని ఎవరైనా అడిగితే, తెలీదండి అంటుంది. నిజంగానే తెలీదు.