కుంట మీదికి లారీ

ఒక ఇంజనీరు తన పెద్దసారును మోకాళ్ళ దాక బురదల దించి, అదే సారు చేత నౌకరీ పర్మినెంటు చేయించుకోవాలని చూసిండంటే నమ్ముతరా? నమ్మాలె. ఆ మొనగాణ్ణి నేనే.

డెబ్బైల ముచ్చట. మాది హైదరాబాద్ల శాలిబండ. చదువు కాంగనే ఒక కాంట్రాక్టు కంపెనీల చేరిన. మలక్‌పేట దిక్కు పూడ్చిన పాత కుంట మీద గోదాము కట్టాలె. కింద చూస్తే అంత బంకమట్టి, జిలేబి పిండి లెక్క. మా పెద్దసారు రామశేషయ్య గారిది గుంటూరు దిక్కు. భూమిల లోతుగ బొక్కలు తవ్వి ఇసుక నింపాలె, పైన మొరం గుట్ట పొయ్యాలె అన్నడు. ఆ బరువుకు బంకమట్టిల నీళ్ళు ఇసుకలకెళ్ళి పైకొస్తయి, భూమి కుంగి గట్టిపడుతది.

"ముందు నాలుగు దిక్కులా మట్టి తీసి పరీక్ష చేయించవయ్యా. పాత కుంట ఇది, ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు."

మే నెల. నెత్తి మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు, అసొంటి ఎండ. ఒక మూలకు మాత్రం చల్లగ వేపచెట్టు ఉండె. మట్టి తీసిన. ఎట్ల తీసిననో ఇప్పుడే అడగకుండ్రి. నాలుగు మట్టి ముద్దలు కవల పిల్లల లెక్క ఒక్కతీరు వచ్చినయి.

సారు కళ్ళద్దాలు పైకి జరిపి చూసిండు. "ఇంత ఒకేలా ఉందేంటయ్యా?"

"మస్తు మంచి జాగ సార్!"

అదే నమ్మి జాగంత ఒకే ఎడంతోని ఇసుక బొక్కలు దింపినం, గుట్ట పోసినం. కుంగుడు కొలిచేది గూడ నేనే, ఆ చెట్టు కిందనే. కొన్ని నెలలకు ఆడ కుంగుడు ఆగింది. మొరం తీయించిన. పైన మట్టి ఎండి గట్టిగ కనిపిస్తున్నది. మడమతోని తన్ని చూపించిన. "సిమెంటు సార్! ఏనుగుల బారాత్ పోనియ్యుండ్రి."

ఏనుగులు దొరకలే గని, ఇటుకల లారీ వచ్చింది. డ్రైవర్ యూసుఫ్ భాయ్ గేటు కాడ బ్రేకు కొట్టిండు.

"అన్నా, కొత్త గాడీ నాది. ఏం గాదు గద?"

"ఫికర్ చెయ్యకు భాయ్, నేనున్న గద!"

"కుర్రాడు అంత గట్టిగా చెబుతుంటే భయమెందుకూ?" అనుకుంట సారు పోయి డ్రైవరు పక్కన కూసున్నడు. నేను ముందట చేతులూపుకుంట, "ఆనేదో, ఆనేదో! రానియ్యి!"

చెట్టు పక్క నుంచి లారీ పెండ్లికొడుకు లెక్క దర్జాగ వచ్చింది. జాగ నడుమ దాటిందో లేదో, వెనక చక్రాలు లోపల్కి, మూతి ఆకాశానికి! ఇటుకలన్ని దబదబ కిందికి.

"యా అల్లా, మేరీ గాడీ!"

సారు తలుపు తీసి కిందికి దిగిండు. ఎడమకాలు పోయింది. దాన్ని తీద్దామని కుడికాలు ఆనిచ్చిండు. అదీ పోయింది. తెల్లప్యాంటు సగం మాయం.

"కదలకుండ్రి సార్!"

"కదిలేట్టుంటే ఇక్కడెందుకుంటానయ్యా?" అన్నడు సారు. తర్వాత మెల్లగ, ఎంత మెల్లగంటే నాకు చెమటలు పట్టేటంత మెల్లగ అడిగిండు. "మట్టి ఎక్కడ తీశావు?"

"మీరు చెప్పినట్టే, నాలుగు దిక్కుల సార్."

"దేనికి నాలుగు దిక్కులు?"

"చెట్టుకు సార్."

యూసుఫ్ భాయ్ ఏడ్సుడు బంద్ చేసి పకపక నవ్విండు. సారు నవ్వలే. "తాడు పట్రా. నన్ను బయటికి లాగాక నిన్ను తొక్కుతా."

ఇగ చూడుండ్రి, చెట్టు నీడ పోయి నాకు అంత ఎండనే! మట్టి పరీక్షకు జాగంత నా చేత బోర్లు వేయించిండు సారు. చెట్టు దిక్కు బంకమట్టి నడుమ నడుమ సన్నటి ఇసుక పొరలున్నయి, నీళ్ళు జల్ది బయటపడ్డయి. అవతలి దిక్కు కుంట కడుపు, వెన్నముద్ద లెక్క బంకమట్టి, ఇసుక పేరుకు లేదు. నీళ్ళు ఉన్నకాడనే ఉన్నయి. ఆడ బొక్కలు దగ్గర దగ్గరగ తవ్వి, మళ్ళ గుట్ట పోసి, ఎదురుచూసుడే పనైంది. నా నౌకరీ పర్మినెంటు గూడ ఆ గుట్ట కిందనే పడ్డది.

ఆఖరికి ఆ దిక్కు గట్టిపడ్డ దినమే సారు నన్ను పర్మినెంటు చేసిండు. భుజం తట్టి, "నువ్వూ భూమీ ఒకేసారి కుదురుకున్నారయ్యా," అన్నడు.

గా దినం బంకమట్టి మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్న: ఇగ ఏ జాగనైనా గట్టిదని చెప్పేముందు, ఈ కొస నుంచి ఆ కొస దాక నేనే నడిచి చూస్త. మునిగితే నేనే మునుగుత. పెద్దసారును మాత్రం తోడు తీసుకపోను.