పెట్టి ఖాళీ చెయ్యమన్న రోజు

మా పాత ఆఫీసువాళ్ళు కలిస్తే ఇప్పటికీ ఒకటే కథ: నీలవేణి తెలియక పనంతా చెరిపేసింది, మేడమ్ జాలిపడి కాపాడింది. రెండూ తప్పే. చెరిగింది పని కాదు. నేను జాలిపడే మనిషినీ కాదు.

కోవిడ్ సద్దుమణిగాక నన్ను శ్రీకాకుళం శాఖకు టీమ్ లీడ్‌గా వేశారు. రోగి పేరు తెలుగులో అచ్చువేసే టోకెన్ ప్రోగ్రాము ఒక ఆసుపత్రికి రాస్తున్నాం. అప్పుడే మా కంప్యూటర్లలోకి కొత్తరకం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. అందులో అసలు సిస్టమ్‌ను కెలకడానికి వీల్లేదు. కంపైలర్లు, లైబ్రరీలు లాంటి కోడింగ్ సరంజామా ఏది కావాలన్నా కంటైనర్ అనే విడి అరలో వేసుకోవాలి. అందులో ఏమేం ఉండాలో రెసిపీ ఫైల్లో రాసుంటే, అర పోయినా మళ్ళీ కట్టుకోవచ్చు. మనం రాసిన కోడ్ దాని బయట క్షేమంగా ఉంటుంది. కంటైనర్‌ని మేం, పెట్టెకి అక్కడి యాసలో అనే మాటతో, ‘పెట్టి’ అనేవాళ్ళం.

నీలవేణి ప్రొబేషన్‌లో ఉంది. ఉద్యోగం ఖాయమో కాదో ఆ నెలలోనే తేలాలి. సోమవారం ప్రోగ్రాము అప్పగించాలనగా డిస్కు నిండిపోయింది. తాత్కాలిక ఫైళ్ళు తీసెయ్యమనే ఉద్దేశంతో, “పెట్టి ఖాళీ చెయ్యమ్మా” అన్నాను. కాసేపటికి చూస్తే కంటైనరే లేదు.

గజపతినగరం అప్పారావు, మా సీనియర్ డెవలపర్, ఎగిరిపడ్డాడు. “ఒసే, సేపల పెట్టనుకున్నావేటే?”

ఆమెది నిజంగానే చేపల వ్యాపారం చేసే ఇల్లు. “మా ఇంటికాడ పెట్టి ఖాళీ అంటే ఐసుముక్క కూడా మిగలకూడదండి. రెసిపీ ఉన్నాది కదా, మళ్ళీ కట్టుకుందాం” అంది.

కట్టాం. అప్పారావు అలవాటుగా తన పేరుతోనే టోకెన్ తీశాడు. ‘అప్‌పారావు’ అని వచ్చింది.

“నా పేరేటి ఇలాగ ఇరిగిపోనాది?”

“మీ ఒత్తు రెసిపీలో రాయలేదేమోనండి” అంది నీలవేణి.

అదే జరిగింది. తెలుగు ఒత్తుల్ని కూర్చే లైబ్రరీని అప్పారావు ఎప్పుడో చేత్తో ఎక్కించి, రెసిపీలో రాయడం మరిచాడు. ఆసుపత్రి సర్వర్‌ని కట్టేదీ ఆ రెసిపీతోనే. సోమవారం అక్కడి రోగుల పేర్లన్నీ ఇలాగే విరిగేవి.

కంటైనర్ చెరిగిన సంగతి తెలిసి మా మేనేజర్ ఫోన్ చేసి, ఆ అమ్మాయిని ఖాయం చెయ్యొద్దన్నాడు. చెరపడానికే చేసిన దాన్ని చెరిపినందుకు శిక్షేమిటని, రెసిపీలో రాయనివాళ్ళ మాటేమిటని గట్టిగానే అడిగాను. అప్పారావు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తప్పు తనదని ఒప్పుకున్నాడు. అందుకు అతనికి ఈనాటికీ నా నమస్కారం. నీలవేణి ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ప్రతి అప్పగింతకు ముందూ పెట్టిని పూర్తిగా తీసేసి, కొత్తగా కట్టి చూసేవాళ్ళం. పోయినా ఫర్వాలేదని చెప్పుకునేదాన్ని ఒకసారి పోగొట్టి చూస్తే తప్ప ఆ మాటకు రుజువుండదు. అది నేర్పినందుకు ఆ లినక్స్‌కీ, ఆ పిల్లకీ రుణపడ్డాను.

ఒక్కటి మాత్రం తేలలేదు. ఆ రోజు మా పెట్టి నడుస్తూనే ఉంది; నడుస్తున్న కంటైనర్ ఊరికే పోదు. ముందు ఆపాలి, లేదా బలవంతంగా తియ్యమని విడిగా చెప్పాలి. నీలవేణీ, ఇప్పుడైనా చెప్పు: నా మాట నీకు నిజంగా అలాగే వినిపించిందా, లేక ఆ రెసిపీ మీద నీకు ముందే అనుమానముందా?